కొంగు



మొన్న సాయంత్రం మా చదువు కేంద్రంలో అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అలిపిరిలో పూలు అమ్ముకునే ఒక అక్క పలక మీద సొంతంగా ఒక వాక్యం రాసింది. "ఎండకు నెత్తిన కొంగ కప్పుకున్నాను" అని రాసింది. పక్కన కూర్చున్న ఆమె దాన్ని కూడబలుక్కుని గట్టిగా చదివింది. "ఏమే, కొంగ చెరువులో గదా ఉండేది? నీ నెత్తిమీదికి ఎట్ల వచ్చింది?" అనింది. రాసిన అక్క కూడా నవ్వింది. నవ్వుతానే 'గ'కు కొమ్ము పెట్టింది. కొంగ కాస్తా కొంగు అయింది.

మీరు కూడా ఒకసారి రాసి చూడండి. 'క'కు ఒత్వం ఇస్తే 'కొ'. పక్కన సున్న పెడితే 'కొం'. 'గ'కు కొమ్ము ఇస్తే 'గు'. రెండే అక్షరాల మాట. పుట్టినప్పటి నుంచి మనం దీన్ని పట్టుకునే పెరిగాం. అయితే ఈ చిన్న మాటతో మన వాళ్లు ఎన్ని మాటలు పుట్టించారో ఆ రోజు లెక్క పెడితే నాకే ఆశ్చర్యం వేసింది. కొన్ని మనల్ని మెచ్చుకునే మాటలు. కొన్ని ఎత్తిపొడిచే మాటలు. ఒకటి మాత్రం పోలీసు స్టేషన్లో రాయాల్సి వచ్చే మాట. అవన్నీ చెప్తాను.

ముందు కొంగు అంటే ఏదో చూద్దాం. చీర పొడవు మామూలుగా అయిదున్నర మీటర్లు. మన అవ్వలకు మీటర్ల లెక్క తెలియదు. వాళ్లు మూరల్లో చెప్తారు. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఒక మూర. రెండు మూరలు ఒక గజం. ఆ లెక్కన చీర 12 మూరలు. ఒక కొసను నడుములో దోపుకుని చుట్టుకుంటాం. ముందు కుచ్చిళ్లు పోసుకుంటాం. మిగిలిన గుడ్డను ఎద మీదుగా తీసి ఎడమ భుజం మీద వేస్తాం. ఎద మీద ఉండే భాగం పైట. భుజం మీది నుంచి వీపు వెనక్కు వేలాడే కొస కొంగు. పాత పుస్తకాల్లో పైటను పయ్యెద అని రాసేవారు. పై, ఎద అనే రెండు మాటలు కలిస్తే పయ్యెద. కొందరు పమిట అని కూడా అంటారు.

కుచ్చిళ్లు వేరు, కుచ్చులు వేరు. నడుము దగ్గర పోసుకునేవి కుచ్చిళ్లు. కొంగు చివర దారాలు ముడివేసి వేలాడదీసేవి కుచ్చులు. రాసేటప్పుడు చాలామంది ఒకదానికి ఒకటి రాస్తున్నారు.

కొంగునే చెంగు అని కూడా అంటాం. చెరగు అంటే బట్ట అంచు. దాన్నీ కొంగుకు వాడతాం. అయితే చెంగావి రంగు, చెంగలువ పువ్వు అనే మాటల్లో ఉన్నది ఈ చెంగు కాదు. అక్కడ 'చెం' అంటే ఎరుపు.

అలిపిరిలో ఉండేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నాలుగు భాషలు ఇంటి ముందుకే వస్తాయి. పాదాల మండపం దగ్గర నిలబడి వినండి. కొండకు నడిచిపోయే ఆడవాళ్లు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటా పోతుంటారు. వంగినప్పుడల్లా కొంగు జారుతా ఉంటుంది. తమిళామె "ముందానె" సర్దుకోమంటుంది. కన్నడామె "సెరగు" అంటుంది. మన చెరగు, వాళ్ల సెరగు ఒకటే మాట. చ, స మారాయి, అంతే. హిందీ ఆమె "పల్లూ" అంటుంది. మాట ఏదైనా ఆ చెయ్యి చేసే పని ఒకటే. జారింది తీసి నడుములో దోపుకుని ఇంకో మెట్టు ఎక్కుతుంది. అట్లా సుమారు 3,550 మెట్లు!

చీరల అంగడికి పోయినప్పుడు గమనించారా? అంగడాయన మొదట కొంగే పరిచి చూపిస్తాడు. చీరకంతా అందం అక్కడే పెడతారు కాబట్టి. మగ్గం మీద పొడవుగా సాగే దారాలు పడుగు. అడ్డంగా నేసే దారం పేక. కొంగు వచ్చేసరికి నేతగాళ్లు పేక రంగు మారుస్తారు. కొన్ని చీరలకు జరీ కలుపుతారు. మనకు దగ్గరలోని వెంకటగిరిలో జాందానీ నేత ఉంది. ఆ నేతలో పువ్వో నెమలో రావాలంటే పడుగు దారాలు లెక్క పెట్టుకుంటా, రంగు దారాన్ని చేత్తోనే దూర్చాలి. చీరంతా నేసేది ఒక ఎత్తు, ఆ కొంగు నేసేది ఒక ఎత్తు.

అంత కష్టపడి నేసిన కొంగును మనం ఏం చేస్తాం? బిడ్డ ముక్కు తుడుస్తాం. చెమట తుడుచుకుంటాం. పొయ్యి మీద గిన్నె దించుతాం. ఎండకు నెత్తిన వేసుకుంటాం. చేనిలో చెనక్కాయలు ఏరేటప్పుడు ఒడి కట్టుకుంటాం. నిద్రపోయే బిడ్డకు కప్పుతాం. పదిమందిలో ఏడుపు వస్తే అదే నోట్లో కుక్కుకుంటాం.

నీళ్లు వడకట్టేది కూడా కొంగుతోనే గదా! దీని మీద పెద్ద పరిశోధనే జరిగింది. బంగ్లాదేశ్‌లో మత్లాబ్ అనే ప్రాంతంలో పల్లెల ఆడవాళ్లకు ఒక పద్ధతి నేర్పించారు. పాత నూలు చీరను మడతలు మడతలుగా వేసి, బిందె మూతికి కట్టి, చెరువు నీళ్లు వడపోయమన్నారు. ఆ పల్లెల్లో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో తేల్చారు. కలరా పురుగు నీటిలోని సన్న సన్న ప్రాణులను అంటుకుని ఉంటుంది. మడతల్లో ఆ ప్రాణులు చిక్కుకుంటాయి. కొత్త చీర కంటే పాత చీరే మేలు. ఉతికి ఉతికి దారాలు మెత్తబడి సందులు మూసుకుపోతాయి. కానీ ఒక్క మడత చాలదు. కనీసం నాలుగు మడతలు కావాలి. కట్టెలో గ్యాసో ఉంటే నీళ్లు కాచి తాగడమే అన్నిటికన్నా మంచిది.

ఇన్ని పనులు చేసే కొంగు ప్రాణం మీదికి కూడా తెస్తుంది. మోటారు సైకిల్ మీద ఒక పక్కకు కూర్చుంటాం. గాలికి కొంగు వెనక చక్రంలో పడుతుంది. అది చుట్టుకుంటే మనిషిని లాగి కింద పడేస్తుంది. అందుకే వెనక చక్రానికి సగం దాకా అడ్డు ఉండాలని మోటారు వాహనాల నియమాల్లోనే రాశారు. దాన్నే శారీ గార్డు అంటారు. కొందరు మగపిల్లలు అందంగా లేదని దాన్ని ఊడదీసి పారేస్తారు. బండి మనింటిదే అయితే అడిగి మళ్లీ పెట్టించండి. ఎక్కే ముందు కొంగు ముందుకు తెచ్చుకుని ఒడిలో పెట్టుకోండి. పొయ్యి దగ్గర కూడా అంతే, నడుములో దోపుకోవాలి. పాలిస్టరు కొంగు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

ఇప్పుడు ముడి సంగతికి వద్దాం. నన్ను అడిగితే అసలు సంగతి ఇదే.

మగవాళ్ల చొక్కాకు జేబు ఉంటుంది. చీరకు జేబు ఎవరూ కుట్టలేదు. వక్కాకు సంచిని రొంటిన దోపుకునే అవ్వలు ఉన్నారు. అది లేనివాళ్లకు కొంగే జేబు. బస్సు చార్జీ, రేషను అంగడికి తీసుకుపోయే డబ్బు, పెట్టె తాళం చెవి, బిడ్డకు కొన్న మాత్ర, అన్నీ కొంగు కొసన ముడే. బెంగాలీ ఆడవాళ్లు ఇంటి తాళాల గుత్తిని కొంగుకు కట్టుకుని వెనక్కు వేసుకుంటారు. గుత్తి ఎవరి కొంగుకు ఉంటే ఇంట్లో పెత్తనం వాళ్లది.

ఈ ముడి నుంచి పుట్టిందే 'కొంగుబంగారం' అనే మాట. కొంగున ముడివేసిన బంగారం ఎట్లాంటిది? ఎవరినీ అడగాల్సిన పని లేదు. అవసరం వచ్చినప్పుడు చెయ్యి పెడితే దొరుకుతుంది. అందుకే వెంకటేశ్వర స్వామిని భక్తుల కొంగుబంగారం అంటారు. ఈ మాట అలిపిరి మైకుల్లో వింటూనే ఉంటాం. దేవుణ్ణి పొగడాలంటే పెద్దవాళ్లకు ఆడదాని కొంగు ముడి గుర్తుకు వచ్చింది చూడండి. మగవాడి జేబు గుర్తుకు రాలేదు! మొక్కుకున్నప్పుడు పసుపు గుడ్డలో డబ్బు మూటకట్టి పెడతాం. అది ముడుపు. అది కూడా ఒక ముడే.

పెళ్లిలో ఆడపిల్ల కొంగును మగపిల్లవాడి కండువాతో కలిపి కట్టేది కొంగుముడి. కొందరు బ్రహ్మముడి అంటారు.

డబ్బును ముడి వేసినట్టే మాటను కూడా ముడి వేస్తాం. "ఈ మాట కొంగున ముడేసుకో" అంటే మర్చిపోవద్దు అని అర్థం. రాత రాని రోజుల్లో ఆడవాళ్లకు కొంగు ముడే పుస్తకం. ఏదైనా గుర్తుపెట్టుకోవాలంటే ఒక ముడి వేసుకునేవారు. సాయంత్రం ముడి కనబడితే "అరె, దీనికెందుకు వేసినానబ్బా?" అని తల గోక్కునేవారు కూడా ఉంటారు. మా అమ్మ ఇప్పటికీ అంతే.

ఇక ఎత్తిపొడుపు మాటలు. "వాడు అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతాడు" అంటారు. చిన్నపిల్లవాడు తిరిగితే ముద్దు. మీసాలు వచ్చినవాడు తిరిగితే ఎగతాళి. "మొగుణ్ణి కొంగుకు కట్టేసుకుంది" అని ఇంకో మాట. మొగుడు పెళ్లాంతో ఒక మంచి చెడ్డ మాట్లాడి పని చేస్తే ఊళ్లోవాళ్లకు అట్లా కనిపిస్తుంది. ఈ మాట నాకు నచ్చదు. మా కేంద్రంలో ఒక అక్క దీనికి మంచి జవాబు చెప్పింది. "సారా అంగడికి కట్టేసినట్టు పడి ఉంటే మంచిదా? కొంగుకు కట్టేసుకుంటేనే నయం గదా టీచరమ్మా!" అనింది.

"కొంగు చాచి అడిగాను" అంటే చాలా దీనంగా వేడుకున్నాను అని అర్థం. రెండు చేతులతో కొంగు పట్టి ముందుకు చాపితే భిక్షం అడిగినట్టు ఉంటుంది గదా, అందుకు. "కొంగు పరిచింది" అన్నా ఇంచుమించు అదే.

దీనికి సరిగ్గా ఎదురు మాట ఇంకోటి ఉంది. అది "కొంగు బిగించడం". వరి నాటేటప్పుడు, బండ మీద బట్టలు ఉతికేటప్పుడు కొంగును తిప్పి నడుముకు చుట్టి గట్టిగా దోపుకుంటాం. అంటే పనికి సిద్ధం అని. దాని నుంచే పట్టుదలతో ముందుకు దూకడాన్ని కొంగు బిగించడం అంటున్నాం. ఈ మాటకు నిజమైన అర్థం కావాలంటే మన పక్క జిల్లా నెల్లూరుకు పోవాలి. అక్కడ దూబగుంట అనే ఊరు ఉంది. 1990ల మొదట్లో అక్కడ కూడా మన మాదిరే రాత్రి బడులు నడిచాయి. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారాతో ఇల్లు గుల్లయిన ఆడవాళ్ల బాధ అందులో ఉంది. చదువుతున్న ఆడవాళ్లు ఇది మన కథే గదా అనుకున్నారు. కొంగు బిగించి పోయి ఊళ్లో సారా అంగడిని మూయించారు. ముందు నిలబడిన రోశమ్మకు ఆ ఊరి పేరే ఇంటిపేరు మాదిరి అయింది. అందరూ ఆమెను దూబగుంట రోశమ్మ అన్నారు. 1992లో ఆ మంట జిల్లా అంతా పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించింది. ఇంత పని మొదలైంది ఒక పాఠం దగ్గర. మీరు పట్టుకున్నట్టే వాళ్లు కూడా అప్పుడే పలక పట్టుకున్నవాళ్లు.

చివరగా 'కొంగు లాగడం'. దీని గురించి మాట్లాడాలంటే మా కేంద్రంలో కూడా అందరూ తల వంచుకున్నారు. తల వంచుకోవాల్సింది లాగినవాడు. మన మాటల్లో "కొంగు పట్టుకున్నాడు", "కొంగు లాగాడు" అంటే ఆడమనిషిని అవమానం చేశాడని ఎవరూ విడమరిచి చెప్పకుండానే అర్థమవుతుంది. చట్టం కూడా అట్లాగే చూస్తుంది. ఒక స్త్రీ మానానికి భంగం కలిగించాలని ఆమె మీద చెయ్యి వేయడం నేరం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టం అమలులో ఉంది. దాని 74వ సెక్షన్ కింద ఏడాదికి తక్కువ కాకుండా, 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. దీనికి ముందు ఉన్న పాత చట్టంలో ఇదే 354వ సెక్షన్.

ఆపద సమయంలో 112కు ఫోను చేయవచ్చు. మహిళల సహాయానికి 181 ఉంది. స్టేషనుకు పోతే ఇట్లాంటి కేసులో మన మాటను మహిళా అధికారి రాసుకోవాలి. రాసుకున్నది మనకు చదివి వినిపించాలి. దాని నకలు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. "ఏదో గొడవ పడ్డారు" అని రాస్తే ఒప్పుకోవద్దు. జరిగింది జరిగినట్టు "నా కొంగు పట్టుకుని లాగాడు" అని ఉండాలి. ఇంతకు ముందు ఎవరో చదివితే వినేవాళ్లం. ఇప్పుడు ఆ కాగితం చేతికి తీసుకుని, ఆ రెండక్షరాలు అందులో ఉన్నాయో లేవో మనమే వేలు పెట్టి చూసుకోవచ్చు. చూసుకున్నాకే సంతకం పెట్టండి.

ముడి సంగతిలో ఒకటి మిగిలింది. అది మా కేంద్రానికి వచ్చే ఒక అవ్వది.

పోయిన ఏడాది ఆ అవ్వ ట్రంకు పెట్టెలో ఒక పాత నూలు చీర తీసింది. మనవరాలి బిడ్డకు పొత్తిగుడ్డలకని చించబోయింది. కొంగు కొసన గట్టి ముడి చేతికి తగిలింది. పళ్లతో విప్పితే లోపల రెండు 500 రూపాయల నోట్లు ఉన్నాయి. మనవరాలి కాలి గొలుసులకని ఎప్పుడో దాచి, దాచిన సంగతే మర్చిపోయింది. సంతోషంగా పోయి అంగట్లో ఇచ్చింది. అంగడాయన నోటు తిప్పి చూసి "ఇవి చెల్లవవ్వా" అని వెనక్కు ఇచ్చాడు.

2016 నవంబరు 8 రాత్రి పాత 500, 1000 రూపాయల నోట్లను రద్దు చేశారు. బ్యాంకులో కట్టుకోవడానికి డిసెంబరు 30 దాకా గడువు ఇచ్చారు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లలో ఎన్ని ముడులు బయటపడ్డాయో మీకు గుర్తు ఉండే ఉంటుంది. పోపుల డబ్బాలో డబ్బు, బియ్యం కుండలో డబ్బు, కొంగున డబ్బు. మొగుడికి తెలియకుండా దాచింది మొగుడి చేతికే ఇచ్చి బ్యాంకుకు పంపాల్సి వచ్చింది. కొందరికి అది తిరిగి చేతికి రాలేదు. ఎవరికీ కనిపించకుండా దాచడం మనకు బాగా వచ్చు. తన పేరున ఖాతా ఉండి, అందులో వేసిన పది రూపాయలైనా తన పాసు పుస్తకంలో చదువుకోగలిగిన ఆడమనిషికి ఆ నెలలో అంత కష్టం రాలేదు. అందుకే పెద్ద మొత్తం కొంగున వద్దంటాను. చార్జీ డబ్బులకు కొంగు చాలు.

అవ్వ ఆ నోట్లు కేంద్రానికి తెచ్చింది. "ఏమ్మా, నిజంగానే చెల్లవా?" అని నన్ను అడిగింది. నేను ఒక కొత్త 500 నోటు తీసి పక్కన పెట్టాను. కొత్త నోటు వెనక ఎర్రకోట బొమ్మ ఉంది. పాత నోటు వెనక గాంధీ తాత ముందు నడుస్తుంటే జనం వెంట పోతున్న దండి యాత్ర బొమ్మ ఉంది. అందరూ రెండూ తిప్పి తిప్పి చూశారు. నోటు వెనక ఒక పక్కన చిన్న గడిలో 15 భాషల్లో నోటు విలువ రాసి ఉంటుంది. కింది నుంచి రెండో వరస తెలుగు. మీ దగ్గర నోటు ఉంటే తీసి చూడండి.

అవ్వ కళ్లద్దాలు పైకి జరుపుకుంది. నోటును దీపం దగ్గరికి పెట్టుకుని ఆ వరస వెతికింది. తన పాత నోటు మీదే వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటా చదివింది. ఐదు వందల రూపాయలు. ఇన్నేళ్లూ రంగు చూసి, గాంధీ బొమ్మ చూసి నోటు గుర్తుపట్టిన మనిషి, నోటు మీది తెలుగు చదవడం అదే మొదటిసారి.

చదివి, రెండు నోట్లూ మడిచి, మళ్లీ కొంగునే ముడి వేసుకుంది. "చెల్లవు గదవ్వా, ఎందుకు?" అన్నాను. "ఉండనీలే, మనవరాలికి చదివి చూపిస్తా" అనింది.